మందుకు లొంగని పాచి!

పొద్దున లేవగానే ‘ముందు పాచి మొహం కడుక్కో’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. రాత్రికి రాత్రే పళ్లమీద పేరుకునే ఆ జిగురుపొర ఏమిటో తెలుసా? సూక్ష్మజీవులు కట్టుకున్న ఊరు! హాలెండుకు చెందిన బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్లపాచినే గీకి, సొంతంగా చేసుకున్న కటకంలో చూసి, అందులో కదులుతున్న జీవుల గురించి 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఇప్పుడు శాస్త్రవేత్తలు అలాంటి పొరనే బయోఫిల్మ్ అంటున్నారు.

బాన్సువాడ దగ్గరి మహమ్మద్ నగర్ లాంటి ఊళ్లలో దీని గురించి వేరే చెప్పనక్కర్లేదు. నీళ్లు పారేచోట రాళ్లమీద కాలు జారిందంటే దీని చుట్టమే కారణం. రాయిమీద ఉంటే కాలు జారుతుందంతే. పుండులో చేరితే మాత్రం కాలే పోవచ్చు!

నాట్లప్పుడు రోజంతా బురదలో ఉండే పెద్దాయనకు షుగరు ఉందనుకోండి. అరికాల్లో ముల్లు దిగినా నొప్పి తెలియకపోవచ్చు. ‘ఏం గాదు బిడ్డా, రెండు గోలీలేసుకుంటే తక్కువైతది’ అంటాడు. గోలీలు వాడినన్నాళ్లూ తగ్గినట్టే ఉంటుంది. ఆపగానే మళ్లీ చీము! ఎందుకంటే పుండులోని క్రిములు చక్కెరలు, ప్రొటీన్లతో జిగురుగోడ కట్టుకుంటాయి. మందు లోపలికి సరిగా దిగదు. దిగినా, అడుగున నిద్రాణంగా పడి ఉన్నవాటిని ఏమీ చేయలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని అమెరికా ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. అలాంటి మందులు లక్షల ప్రాణాలు నిలబెట్టాయి. కానీ అయినదానికీ కానిదానికీ వాడేసరికి క్రిములు రాటుదేలాయి. మందుకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

అందుకే పరిశోధకులు వేరే దారి పట్టారు. సికాడా అనే కీటకం రెక్కమీది అతిసూక్ష్మమైన మొనలు క్రిముల పొరను చీల్చి చంపుతాయని 2012లో ఆస్ట్రేలియాలో ఎలీనా ఇవనోవా బృందం గుర్తించింది. మరుసటి ఏడాది తూనీగ రెక్కల్లోనూ అదే గుణం చూసి, సిలికాన్‌మీద అలాంటి మొనలనే తయారుచేసింది. అమెరికాలో ఆంథొనీ బ్రెనన్ సొరచేప చర్మాన్ని చూసి, క్రిములు సులభంగా అతుక్కోలేని గరుకు ఉపరితలాన్ని రూపొందించాడు. మందుతో పనిలేదు కాబట్టి మందుకు అలవాటుపడే గొడవా ఉండదు. అయితే చచ్చిన క్రిములు పేరుకుంటే మొనలు మూసుకుపోతాయి. ఆ చిక్కు ఇంకా తీరాలి.

పుండ్లకు ఇప్పటికే అందుబాటులో ఉన్నవీ ఉన్నాయి. వెండి కలిపిన కట్లు క్రిములను అణుస్తాయి, మోతాదు మించితే కొత్త కండ రావడమూ ఆలస్యమవుతుంది. తేనె పట్టీలకు అమెరికా 2007లో అనుమతిచ్చింది. అలాగని వంటింటి సీసాలోది పూయకూడదు సుమా! పట్టీల్లో వాడేది క్రిములు లేకుండా శుద్ధిచేసిన తేనె. ఏది వాడినా ముందు డాక్టరు ఆ జిగురునూ చచ్చిన కండనూ తీసేయాల్సిందే. తీసినా ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ కట్టుకోవడం మొదలుపెడుతుంది. కట్టు పని అప్పుడే!

ఇంట్లో షుగరున్నవాళ్లుంటే పొలం నుంచి రాగానే కాళ్లు కడిగి, తుడిచి, అరికాళ్లు చూడాలి. నాన్నకు వంగడం కష్టమైతే బిడ్డే చూడాలి. చిన్న పుండు కనిపించినా గోలీల కోసం మందులషాపుకి కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.