పెంకుల మీద పన్ను

నా ముందుపన్ను ఊడింది కనుమ రోజు సాయంత్రం, పక్క ఊరి జట్టుతో కబడ్డీ ఆడుతుంటే. కూతకొచ్చినవాడు బోనస్ గీత మీదికి కాలు చాపాడు. చీలమండ దొరకబుచ్చుకుందామని నేను కిందికి దూకాను. వాడి మోకాలు సూటిగా వచ్చి నా మూతికి తగిలింది. నొప్పి తెలియలేదు గానీ నాలుకకి సందు తెలిసింది. పన్ను మట్టిలో పడి ఉంది, విరక్కుండా, వేరుతో సహా.

అప్పుడు నాకు 22 ఏళ్ళు. ఆ తర్వాతి గంటలో చేసినవన్నీ తప్పులే. అన్నీ తెలివైన పనులనుకునే చేశాను.

ముందు బోరింగు దగ్గరికెళ్ళి పన్నుని తోమాను. వేరుకి ఏదో అంటుకుని ఉందని గోటితో గీకాను. తెల్లగా మెరిసేదాకా వదల్లేదు. రుమాల్లో మూటగట్టి స్కోరు రాసే కుర్రాడి చేతికిచ్చి, నోట్లో గుడ్డ కుక్కుకుని మిగతా ఆట ఆడాను. రెండు పాయింట్ల తేడాతో గెలిచాం కూడా.

ఇంటికెళ్ళేసరికి చీకటి పడింది. మా నాయనమ్మ మూట విప్పి చూసి, చిన్నప్పుడు పాలపళ్ళకి చేసినట్టే పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరేసింది. "మళ్ళీ వస్తుందిలేరా" అంది. ఆవిణ్ణి అనేదేముంది? అప్పటికే ఆ పన్ను చచ్చిపోయింది. చంపింది నేనే. మేం నిలబడ్డ చోటికి నాలుగడుగుల్లో అప్పుడే పిండిన గేదె పాలచెంబు ఉంది.

పాలచెంబు సంగతి ఎందుకంటే, నాలుగో రోజున పళ్ళ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదే: "ఇంట్లో పాలు లేవా?"

పంటి వేరుకి సన్నటి పీచులాంటి పొర ఉంటుంది. అందులోని కణాలు బతికుంటేనే ఊడిన పన్ను మళ్ళీ దవడకి పట్టుకుంటుంది. నేను మురికనుకుని గీకేసింది దాన్నే. గాలికి ఎండితే ఆ కణాలు నిమిషాల్లోనే చావడం మొదలెడతాయి, గంట దాటితే ఆశ దాదాపు వదులుకోవాల్సిందే. పన్నుని వేరు ముట్టకుండా పైభాగం దగ్గర పట్టుకుని, మట్టి ఉంటే ఒక్కసారి జాడించి, ఊడిన చోటే మళ్ళీ గుచ్చి, గుడ్డ కొరికిపట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలట. గుచ్చే ధైర్యం లేకపోతే పాలలో వేసి తీసుకెళ్ళాలి. మంచినీళ్ళలో నానబెడితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద ఎదిగే పన్ను పాడవుతుంది. పాలపళ్ళ వరకూ మా నాయనమ్మ పద్ధతే మేలు!

ఆ సందుకి బ్రిడ్జి కట్టారు. అంటే, అటూ ఇటూ ఉన్న రెండు మంచి పళ్ళని అరగదీసి తొడుగులు వేయడం.

అయినా బుద్ధి రాలేదు. కబడ్డీ మానేసి పరుగు పట్టాను. పొద్దున్నే పదిహేను కిలోమీటర్లు, చేతిలో స్పోర్ట్స్ డ్రింకు, దారి పొడుగునా గుక్క గుక్కగా. నోటితో ఊపిరి పీల్చి పీల్చి ఉమ్మి ఎండిపోయేది, ఆ పులుపుని కడిగేదేదీ ఉండేది కాదు. ఇంటికి రాగానే మళ్ళీ నా పాత జబ్బే: తోమడం. ఆమ్లానికి మెత్తబడ్డ ఎనామిల్‌ని బ్రష్షుతో నేనే అరగదీశానని, చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం మొదలయ్యాక గానీ తెలియలేదు. ఇప్పుడు దాహానికి నీళ్ళే తాగుతాను. ఆ డ్రింకు తాగక తప్పని రోజున నీళ్ళతో పుక్కిలించి, గంట ఆగి తోముతాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 302 మంది క్రీడాకారుల నోళ్ళు పరీక్షిస్తే 55 శాతం మందికి పుచ్చుపళ్ళు కనిపించాయని చదివి కాస్త ఊరట పడ్డాను. వాళ్ళు పళ్ళ క్లినిక్‌కి వచ్చినవాళ్ళు కాబట్టి లెక్క కాస్త ఎక్కువే వచ్చి ఉంటుంది, అది వేరే సంగతి.

మా మేనల్లుడు ఇప్పుడు కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. వేడినీళ్ళలో ముంచి కొరికే మౌత్‌గార్డు కొనిచ్చాను. రెండు రోజులకే అది వాడి సంచిలో తేలింది. "మావయ్యా, అది పెట్టుకుంటే కూత రాదు. అంపైరు వినపడట్లేదంటున్నాడు" అన్నాడు. అబద్ధం కాదు, కూత స్పష్టంగా వినపడకపోతే రైడ్ పోయినట్టే. తిట్టబోయి ఆగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పళ్ళ అచ్చు తీయించి వాడి నోటి కొలతకే చేయించాను. వదులు లేదు, నాలుక ఆడుతుంది. మొన్న ఆటకెళ్ళి గీత పక్కన నిలబడి విన్నాను. "కబడ్డీ"లో "బ" కాస్త "వ"లా పలుకుతోంది గానీ, కూత మాత్రం వినపడుతోంది.