థాయిలాండులోని అయోధ్య

అయోధ్య యన్నంతనే మన మనస్సు సరయూతీరమునకు పోవును. ఆ పుణ్యనామమునే ధరించిన నగర మొకటి థాయిలాండు దేశమున గలదు. ఆ దేశీయులు దానిని అయుత్థయ యందురు. 1351లో దానిని రాజధానిగా నెలకొల్పిన రాజు రామాధిపతి యను బిరుదనామముతో రాజ్యమేలెను. నాలుగువందల సంవత్సరములకు పైగా వైభవముతో విలసిల్లి, 1767లో బర్మా సైన్యముల చేతిలో ఆ నగరము దగ్ధమయ్యెను. మిగిలిన యాలయముల శిథిలములను చూచుటకు దేశదేశములనుండి యాత్రికులు వచ్చుచున్నారు. మేమును వాటికొఱకే పోయితిమి. కాని కోవెలలను వర్ణించినవారు పలువురు గలరు గనుక, ఆ నగరపు పొలిమేరలో జరుగుచున్న యొక పనిని గూర్చి వ్రాయబూనితిని.

బాంకాకునుండి ఉత్తరముగా పోవు రైలులో కూర్చుండిన, కోనసీమను తలపించు వరిచేలు, కాలువలు, తామరకొలనులు ఇరుప్రక్కల సాగుచుండును. స్టేషను దిగి పాసక్ నదిని చిన్న పడవలో దాటినచో పాత నగరము చేరుదుము. చావ్ ఫ్రయా, లోప్‌బురి, పాసక్ అను మూడు నదులు చుట్టివచ్చుటచే అది యొక ద్వీపమువలె నున్నది. మహాధాతు విహారమున అశ్వత్థవృక్షపు వేళ్ళు పెనవేసికొనిన బుద్ధుని శిలాముఖ మొకటి కలదు. దానియెదుట ఛాయాచిత్రము తీయించుకొనువారు తమ శిరస్సు స్వామి ముఖముకంటె ఎత్తుగా నుండకుండ నేలపై కూర్చుండవలెనని యచటి మర్యాద. ఆ యాత్రికుల చేతులలోని విలువగల కెమేరాలలో కొన్ని, తాము పుట్టిన యూరికే తిరిగి వచ్చినవని వారిలో నెందఱికి తెలియునో!

నగరమునకు తూర్పుగా రోజనా యను పారిశ్రామికవాటిక యున్నది. జపానుదేశపు నికాన్ సంస్థ 1917లో స్థాపింపబడి, 1948లో తన తొలి కెమేరాను వెలువరించినది. అది 1990లో ఇచట కర్మాగారము నెలకొల్పెను. ఇల్లు విడిచి యింతదూర మేల వచ్చెననిన, 1985లో న్యూయార్కు నగరమున అయిదు దేశములు చేసికొనిన యొడంబడిక పిమ్మట డాలరున కెదురుగా జపాను నాణెమగు యెన్ విలువ వేగముగ పెరిగెను. జపానులో చేసిన వస్తువు పరదేశములలో ప్రియమయ్యెను. థాయిలాండులో కూలి తక్కువ; ప్రభుత్వము పన్నుల మినహాయింపులు నిచ్చెను. పెక్కు జపాను సంస్థ లట్లే తరలివచ్చెను. మొదట చవుక కెమేరాలే యిచట చేయించిరి. మేలురకములు జపానులోని సెండాయి నికాన్ కర్మాగారముననే తయారయ్యెడివి. 2021 నాటికి ఆ కర్మాగారమున కెమేరాల దేహములు చేయుట మాని, ఆ పనియంతయు నిచటికే మార్చిరి. ఆ సంస్థ యగ్రశ్రేణి కెమేరాయగు జెడ్ 9 యు నిచటనే తయారగుచున్నది. మన పెండ్లిపందిళ్ళలో ఫోటోలు తీయు నికాన్ కెమేరాలలో పెక్కింటిని త్రిప్పి చూచిన, అడుగున థాయిలాండు పేరే కానవచ్చును.

జపానువా రీ యూరికి క్రొత్తవారు కారు. పదునేడవ శతాబ్దమున వారికి నగరమునకు దక్షిణముగా నదీతీరమున ప్రత్యేకపు పేట యుండెడిది. యమద నగమస యను వీరుడు ఇచటి రాజుకొలువున సేనానియై, 1630లో మరణించెను.

కర్మాగారములోనికి మావంటివారికి ప్రవేశము లేదు. సాయంకాలము పనివేళ మారునపుడు రహదారిపై బస్సులు బారులుతీరును. దిగువా రెక్కువారిలో యువతులే యెక్కువ. ఈశాన్యదిక్కున నుండుటచే ఈసాన్ అనబడు మెట్టప్రాంతపు పల్లెలనుండి వచ్చిన వారందు పలువురు గలరు. కెమేరాలోని కాంతిగ్రాహకముపై ధూళికణ మొకటి పడినను చిత్రము చెడును. అందుచే జుట్టు కప్పి, ముఖమునకు ముసుగు వేసికొని, ఊపిరి సయితము అదుపున నుంచికొని చేయవలసిన పని యది.

2011వ సంవత్సరము ఈ పరిశ్రమకు విషమపరీక్ష. మార్చి 11న వచ్చిన భూకంపముచే సెండాయి కర్మాగార మాగిపోయి, నెలాఖరునకు తిరిగి ప్రారంభమయ్యెను. అక్టోబరులో అయుత్థయను వరద ముంచెను. రోజనాలోని నికాన్ కర్మాగారపు క్రింది అంతస్తు నీటమునిగెను. అదే మండలమున సోనీ కెమేరాల కర్మాగారమును, బాంగ్ ప ఇన్ వద్ద కంప్యూటరునకు జ్ఞాపకభాండారమగు హార్డ్ డిస్కులు చేయు వెస్టర్న్ డిజిటల్ కర్మాగారమును మునిగెను. లోకమంతట హార్డ్ డిస్కుల వెల పెరిగిపోయెను. కంప్యూటరు కొనబోయినవారు, తామెన్నడు వినని యూరి వరదకు తాము మూల్యము చెల్లించిరి. ఆ దేశమున ఆ వరదకు ఎనిమిదివందలమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

అప్పుడు జరిగిన యొక సంగతి నామనస్సున నాటుకొన్నది. వరదపాలైన పనిని జపానులో జరుపుకొనుటకై, ఆయా సంస్థల థాయి కార్మికులను తాత్కాలికముగ రానిచ్చుటకు జపాను ప్రభుత్వ మనుమతించెను. వేలకొలది కార్మికులు విమానములెక్కి పోయిరి. జపానులో యంత్రములు లేకనా? పనివారు లేకనా? ఈ పని యలవడిన చేతులు వారివి. మన మిల్లాండ్రకు ఇది తెలియని విషయము కాదు. అదే బియ్యము, అదే పప్పు, అదే పొయ్యి యైనను చేయి మారిన రుచి మారును. తక్కువకూలి పనియని యెంచినదే, లేనినాడు ఎంత యరుదైనదో తేలినది. 2012 జనవరిలో అయుత్థయ కర్మాగారము మరల పని ప్రారంభించెను.

ఇప్పుడు రోజనావాటిక చుట్టును ఎత్తైన వరదగట్టు కట్టియున్నారు. గట్టు మంచిదే. కాని అదే మండలములోని బాంగ్ బాన్, సేనా ప్రాంతములలో 2021లోను, 2022లోను ఇండ్లలోనికి నీరు వచ్చెను. స్తంభములపై నిలిపిన యిండ్లలో మీదిగదికి సామానులెక్కించి, పడవలపై రాకపోకలు సాగించుట అచటి యిల్లాండ్రకు అలవాటైపోయినది. యంత్రములకు గట్టు కట్టిన లోకము, ఆ యిండ్లకును గట్టు కట్టిననాడే తాను కొన్న వస్తువుల ఋణము తీర్చుకొన్నదగును.