ఆరు ప్రతులు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. ఆ మాట ఆస్తి తగాదాల మగవాళ్ళ కోసం పుట్టింది కాబోలు. ఆడవాళ్ళకి ఇంకా చవకైన పద్ధతి ఉంది. అసలు కోర్టు దాకా వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చుని ఏడవడం!

ఉదయం షిఫ్టు వేళ పటాన్‌చెరు నుంచి పాశమైలారం వెళ్ళే ఆటోలు చూడండి. టిఫిన్ డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని ఆడపిల్లలు కిక్కిరిసి కూర్చుంటారు. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆమె కూతురూ వాళ్ళలో ఒకతె. కాంట్రాక్టరు కింద ఒక మందుల కంపెనీలో ప్యాకింగు పని. అక్కడి సూపర్‌వైజరుకి మాటే కాదు, చెయ్యి కూడా అదుపులో ఉండదట. నైట్ డ్యూటీ తప్పించాలంటే తన మాట వినాలన్నాడట.

"వచ్చే నెల చిట్టీ ఎత్తుతనమ్మా. ఆ పైసలతోని సంగారెడ్డిల వకీలును పెడ్త" అంది.

"ఇదంతా జరిగి ఎన్నాళ్ళయింది?"

"రెండు నెల్లు దాటింది."

నా గుండె గుభేలుమంది. పచ్చడికే కాదండీ, ఫిర్యాదుకీ గడువుంటుంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం మూడు నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. కానీ ఆ దయ మీద ఆధారపడడమెందుకు?

ఈ చట్టమూ ఊరికే రాలేదు. 1992లో రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపబోయిన భన్వరీదేవి మీద అత్యాచారం జరిగింది. ఆ తరువాత స్త్రీ సంఘాలు సుప్రీంకోర్టు కెక్కితే, 1997లో విశాఖ తీర్పు వచ్చింది. ఆ తీర్పు చట్టంగా మారడానికి ఇంకో పదహారేళ్ళు! మూడు నెలల గడువు మాత్రం మనకే.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఒక కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు స్త్రీయే కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలుండాలి, బయటి సంస్థ మనిషి ఒకరుండాలి. పదిమంది లేని చోటైనా, యజమానే ముద్దాయి అయినా జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్ళాలి. కాంట్రాక్టు మనుషులకీ, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకీ కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

అన్నిటికన్నా చిత్రం చెప్పనా? ఆ కమిటీ ముందు మన తరఫున వాదించడానికి వకీలుని తెచ్చుకోకూడదు. ఆ సూపర్‌వైజరూ తెచ్చుకోకూడదు. అంటే చిట్టీ డబ్బంతా పోసి పెట్టుకున్న వకీలు గుమ్మం బయట నిలబడాల్సిందే!

పోలీసు కేసు పెట్టాలన్నా, ఉద్యోగం ఊడగొడితే పోరాడాలన్నా వకీలు సాయం అవసరం పడొచ్చు, నిజమే. దానికి న్యాయసేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీ అయితే చాలు, ఆదాయం ఎంతని అడక్కుండా వకీలుని ఉచితంగా ఇవ్వాలి. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. ఇద్దరం సంగారెడ్డి వెళ్ళి అడిగాం. ఫిర్యాదులో ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు అన్నవి ముందు రాయమన్నారు. ఆరు ప్రతులు ఇవ్వాలన్నారు. ఆ పిల్లకయిన ఖర్చల్లా బస్సు టిక్కెట్టు, జిరాక్సు డబ్బులు.

మూడో నెల నిండకముందే ఫిర్యాదు అందింది. ఆ వారమే కాంట్రాక్టరు మనిషి ఒకడు ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చి, ఇంత ఇస్తాం, కాగితం వెనక్కి తీసుకోమన్నాడు. డబ్బు మీద రాజీని ఈ చట్టం ఒప్పుకోదు సుమండీ! తల్లి మాత్రం మెత్తబడింది. "పెండ్లి కావల్సిన పిల్ల, నలుగురికి తెలిస్తే ఎట్లమ్మా?" అని నాతో కంటతడి పెట్టుకుంది. పేర్లు బయటపెట్టకూడదని చట్టమే చెబుతోందన్నాను. చట్టానికి తెలియని నలుగురు మన వీధిలోనే ఉన్నారని ఆమెకి తెలుసు, నాకూ తెలుసు.

కూతురు ఒక్కటే అంది: "పైసలే కావాలంటే నాకు చిట్టీ ఉంది గద!"

విచారణ తొంభై రోజుల్లో ముగించాలి. ఇంకా నడుస్తోంది. ఏం తేలుతుందో తెలియదు. ఆ పిల్ల మాత్రం ఉదయం ఆటో మానలేదు.

మీ వీధిలోనూ ఇలాంటి పిల్ల ఉంటే, వకీలు ఫీజు ఎంతని తరువాత అడగండి. ముందు తేదీ అడగండి.