మంచం ఎవరిది, బల్ల ఎవరిది

ఇల్లు మారేటప్పుడు సామాన్ల గురించి మాట్లాడితే అందరూ కొలతలే చెప్తారు. హాలు ఇంత, పడగ్గది ఇంత, లిఫ్టు తలుపు ఇంత. నాన్న పోయిన రెండేళ్ళకి అమ్మ తెనాలిలో అయిదు గదుల పెంకుటిల్లు వదిలి హైదరాబాదులో రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్‌కి మారాలనుకున్నప్పుడు మా అన్నయ్య కూడా టేపు పట్టుకునే మొదలుపెట్టాడు. పందిరి మంచం పట్టదు. ఉయ్యాల బల్లకి పైన కొక్కేలుండవు. భోషాణం పెడితే తలుపు తెరుచుకోదు. ఈ లెక్కలన్నీ నిజమే. కానీ ఏది ఉండాలో ఏది పోవాలో తేల్చేవి ఈ లెక్కలొక్కటే కావు.

ముందు పేర్లు చూడండి. తాతయ్య పడక్కుర్చీ, నాన్న బల్ల, పెదనాన్న పెట్టె, అన్నయ్య చదువుకున్న కుర్చీ. యాభై ఏళ్ళు ఆ ఇల్లు నడిపిన మనిషి పేరు మీద ఒక్క వస్తువూ లేదు. అమ్మ వాడినవాటికి ఉన్నది ఆమె పేరు కాదు, పనే: కత్తిపీట, చపాతీ పీట, రోలు, తిరగలి. ఇంకో సంగతి. మగవాళ్ళవన్నీ నేలకి అడుగున్నరో రెండడుగులో ఎత్తున ఉన్నాయి. ఆమెవి నేలమీద, మహా అయితే జానెడెత్తు. ఇప్పుడు ఆమెకి మోకాళ్ళు వంగవు. కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పాడట, డెబ్భయ్యో ఏట!

పాత సామాన్లు కొనేవాడు వచ్చాడు. టేకు వస్తువుల్ని గోరుతో గీకి, వేళ్ళతో తట్టి ధర చెప్పాడు. మేకన్నది లేకుండా ఒకదాన్లో ఒకటి దూర్చి బిగించిన పందిరి మంచం చూసి కళ్ళు పెద్దవి చేసుకున్నాడు. ఇనప బీరువా తూకానికన్నాడు. రోలూ తిరగలీ ఊరికే ఇచ్చినా మొయ్యలేనన్నాడు. ఇంటి చాకిరీకి విలువ కట్టరని సెమినార్లలో ఎన్నిసార్లు అనుకున్నామో! ఆ చాకిరీ పనిముట్లకీ ధర లేదు మరి.

ఆ మంచం, ఆ బీరువా అమ్మ సారె. 1974లో వాటితోపాటు ఒక అద్దం బల్ల కూడా వచ్చింది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో కొన్ని నియమాలు చేశారు. పెళ్ళిలో ఇచ్చిన కానుకలకి రాతపూర్వకంగా జాబితా ఉండాలి. వస్తువేమిటి, సుమారు విలువెంత, ఎవరిచ్చారు అన్నీ రాయాలి, వధూవరులిద్దరూ సంతకం పెట్టాలి. ఆ ఏడాదే ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం ఆమె సొంత ఆస్తేననీ, అత్తింట్లో అడుగుపెట్టినంత మాత్రాన అది భర్తతో ఉమ్మడిదైపోదనీ తేల్చి చెప్పింది. అలాంటి జాబితా రాసుకున్న పెళ్ళి నేనింతవరకు ఒక్కటీ చూడలేదు. అమ్మకి మాత్రం ఆమె జాబితా నోటికొచ్చు. అద్దం బల్ల చిన్నత్త పెళ్ళికి సారెగా వెళ్ళిపోయింది. మంచం తాతయ్య గదిలో చేరింది. బీరువా అమ్మ గదిలోనే ఉంది, తాళంచెవి మాత్రం ఇరవయ్యేళ్ళు నాన్నమ్మ బొడ్లో ఉంది.

"బీరువా తీసుకెళ్దామా అమ్మా?" అన్నాను.

"దేనికే? అదెప్పుడూ నాది కాలేదు. తూకానికి ఇచ్చెయ్."

స్త్రీల జ్ఞాపకాల మీద పనిచేసేదాన్ని కాబట్టి నాకు అన్నీ దాచాలనే ఉంటుంది. కనీసం రోలైనా తీసుకెళ్ళి బాల్కనీలో మొక్క పెట్టుకుంటానన్నాను. అమ్మ నవ్వింది. "పప్పు రుబ్బినదానివైతే ఆ మాట అనవు" అంది. ఆ రోలు ఇప్పుడు నా బాల్కనీలోనే ఉంది. అమ్మ వచ్చినప్పుడు దానివైపు చూడదు.

ఆమె కావాలని అడిగింది ఒక్కటే, నాన్న బల్ల. అయిదడుగుల టేకు బల్ల, కుడివైపు మూడు సొరుగులు, పైదానికి తాళం. చుట్టాలందరూ "పాపం, ఆయన జ్ఞాపకం" అన్నారు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆ బల్లమీద ఆమె కాఫీగ్లాసు పెడితే కాగితాలు తడుస్తాయనేవాడు నాన్న. పాల లెక్క, చీటీల లెక్క, వాళ్ళక్కకి ఉత్తరాలు అన్నీ బియ్యం డబ్బా మూతమీద పెట్టుకుని రాసేది అమ్మ. వుల్ఫ్ అడిగిన సొంత గది గురించి మనం బోలెడు రాశాం. ఆ గదిలో ఏముండాలో అంతగా మాట్లాడుకోలేదు. చాటన్‌లో జేన్ ఆస్టిన్ ఉన్న ఇంట్లో ఆమె రాసుకున్నదంటూ చూపించే బల్ల చాలా చిన్నది, పన్నెండు పలకల వాల్‌నట్ బల్ల. మా అమ్మది దానికన్నా చాలా పెద్దది అని చెప్తే "ఎవరావిడ?" అని మాత్రం అడిగింది.

అన్నయ్య ఒప్పుకోలేదు. రెండో గదిలో దివాన్ వెయ్యాలి, పిల్లలొస్తే ఎక్కడ పడుకుంటారన్నాడు. బల్ల, దివాన్ రెండూ పట్టవు, టేపు అబద్ధం చెప్పదు.

"పరుపులు కింద వేస్తాలేరా. వాళ్ళ మోకాళ్ళు బానే ఉన్నాయిగా" అంది అమ్మ.

బల్ల లిఫ్టులో పట్టలేదు. నలుగురు మనుషులు నాలుగంతస్తులు మెట్లమీద మోసుకొచ్చారు, అంతస్తుకింత అని అదనంగా తీసుకున్నారు. కిటికీ దగ్గర వేయించుకుంది. పై సొరుగు తాళం తుప్పుపట్టింది. బాగుచేసే అతను ఆదివారం వస్తానన్నాడు. రెండు తాళంచెవులు చేయించనా అని అడిగితే, ఒకటి చాలంది.