నార్, నాటే: ఒక అరా, రెండు అరలా?

మావా నాటే మావా రాజ్. మా ఊళ్లో మా రాజ్యం అని అర్థం. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ నినాదం వినని వాళ్లుండరు. ఈ నాలుగు మాటల్ని కంప్యూటర్‌కిచ్చి లెక్కపెట్టమంటే ‘మావా’ రెండుసార్లు, ‘నాటే’ ఒకసారి, ‘రాజ్’ ఒకసారి అని చెప్తుంది. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఇందులో ‘నార్’ ఎన్నిసార్లు వచ్చిందని అడిగితే సున్నా అంటుంది. నార్ అంటే ఊరు, నాటే అంటే ఊళ్లో. తెలుగులో ఇల్లు, ఇంట్లో ఎలాగో మాకు నార్, నాటే అలాగ. ఊరి కోసం పుట్టిన నినాదంలో ఊరే లేదని చెప్పే లెక్కను మేము ఏం చేసుకోవాలి?

ఈ లెక్క మాకు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలి. మేము పాతబస్తీలో ఉంటున్న కొద్దిమంది గోండు టీచర్లం. మా పిల్లలు బడిలో తెలుగు, గల్లీలో దక్కనీ మాట్లాడతారు. ఇంట్లో గోండిలో పిలిస్తే అర్థం చేసుకుంటారు గానీ జవాబు తెలుగులో వస్తుంది. వాళ్ల కోసం చిన్న పదాల పుస్తకం చేద్దామని, సెలవులకు ఊళ్లకు పోయినప్పుడల్లా పెద్దవాళ్లు చెప్పే కథలు, పెళ్లి ముచ్చట్లు, పంట ముచ్చట్లు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి తెలుగు లిపిలో రాశాం. ఏ మాటలు ముందు నేర్పాలి? పెద్దవాళ్ల నోట ఎక్కువగా వచ్చేవి. అవేవో తెలియాలంటే లెక్కపెట్టాలి. నోటుబుక్కులో గీతలు గీసుకుంటూ మొదలుపెట్టాం. బుక్కులు నిండాయి, లెక్క తెగలేదు.

దారి చూపింది ఛత్తా బజార్‌లో డీటీపీ పని చేసే ఒకాయన. పెళ్లి కార్డులకూ ఉర్దూ కాతిబులకూ పేరుబడ్డ బజారు అది. ఇంత రాతను చేత్తో ఎందుకు లెక్కిస్తారు సార్, స్క్రిప్టు రాస్తే నిమిషం పని అన్నాడు. స్క్రిప్టులో వాడేది ‘అర్రే’ అని చెప్పి, చార్మినార్ దగ్గరి యూనానీ మూలికల దుకాణాలను గుర్తు చేశాడు. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. సొరుగుల మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తే అది మామూలు అర్రే. అంకెకు బదులు మందు పేరే రాసి ఉంటే అది పేర్ల అర్రే. రాతలో ఒక్కో మాట రాగానే ఆ పేరున్న సొరుగులో ఒక గింజ వెయ్యాలి. ఆ పేరుతో సొరుగు లేకపోతే అప్పటికప్పుడు కొత్త సొరుగు పుడుతుంది. రాత అయిపోయాక సొరుగులన్నీ తెరిచి గింజలు లెక్కపెడితే సరి. ఇంతకంటే బాగా మాకు ఎవరూ చెప్పలేదు. మూలికల పేర్లు మాకూ కొత్త కాదు గదా.

ఈ పేర్ల సొరుగుల పద్ధతి 1977లో బెల్ ల్యాబ్స్‌లో తయారైన ‘ఆక్’ అనే చిన్న భాషతో బాగా వాడుకలోకి వచ్చింది. అహో, వైన్‌బర్గర్, కెర్నిఘన్ అనే ముగ్గురు చేశారు, వాళ్ల పేర్ల మొదటి అక్షరాలే ఆ భాష పేరు. 1987లో లారీ వాల్ చేసిన ‘పెర్ల్’ కూడా ఇలాంటిదే. ఆయన చదివింది భాషాశాస్త్రం. లిపి లేని భాష ఒకటి వెతుక్కుని దానికి రాత తయారు చెయ్యాలని భార్యాభర్తలు అనుకున్నారట. ఆ ప్రయాణం కుదరలేదు, ఆయన ప్రోగ్రామర్ అయ్యాడు. ఈ సంగతి తెలిశాక ఆయన మీద మాకు కొంచెం చుట్టరికం కలిసినట్టయింది.

లెక్క నిమిషంలో వచ్చిన మాట నిజమే. సొరుగులు చూస్తేనే తల తిరిగింది. ‘నార్’ పేరుతోనే రెండు సొరుగులున్నాయి. కళ్లు పొడుచుకున్నా తేడా కనపడలేదు. విప్పి చూస్తే ఒకదానిలో నాలుగు గుర్తులు: న, దీర్ఘం, ర, పొల్లు. రెండో దానిలో ఐదు. ఐదోది కంటికి కనపడని గుర్తు, అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకుండా పెట్టే అడ్డుపుల్ల లాంటిది. కొన్ని కీబోర్డుల్లో పొల్లు తర్వాత అది దానంతటదే పడుతుంది. మనిషికి ఒకే ఊరు, అర్రేకు రెండూళ్లు. లెక్కకు ముందే రాతంతటి నుంచి ఆ అడ్డుపుల్లలు ఏరి పారేశాం. ఈ చిక్కు తెలుగుకూ ఉంది, గోండి పదాలు చాలావరకు పొల్లుతో ముగుస్తాయి కాబట్టి మాకు ఎక్కువ తగిలింది.

తర్వాతది కుక్క. గోండిలో కుక్కను నై అంటారు. మాలో ఒకరు ‘నై’ అని రాశారు, ఇంకొకరు ‘నయ్’ అని. రెండు సొరుగులు. పాతబస్తీలో నై అంటే లేదు అని, అందుకని మా పిల్లలకు ఈ మాట ఎప్పుడూ నవ్వే.

నవ్వు రాని సంగతి ఒకటుంది. మా రాతప్రతిని సరిచూసి ఇమ్మని ఒక చోట ఇచ్చాం. వాళ్ల దగ్గరా స్క్రిప్టే ఉంది, అందులోనూ అర్రేనే ఉంది. అయితే అది తెలుగు మాటల అర్రే. అందులో లేని మాట తగిలితే దగ్గరలో ఉన్న తెలుగు మాటను పెట్టేస్తుంది. ప్రతి తిరిగొచ్చేసరికి నార్‌లన్నీ నారు అయ్యాయి. ఊరికి పోయిన మనిషి నారుకు పోయాడు. ఏర్ అంటే మాకు నీళ్లు, అది ఏరు అయింది. దాహమేసిన ముసలామె కోడల్ని తాగడానికి ఏరు అడిగింది. నై కాస్తా నెయ్యి అయింది, ఇంటి ముందు నెయ్యి మొరిగింది. తప్పులు చాలా ఉన్నాయి, దిద్దాం అని పైన రాసి పంపారు. వాళ్ల అర్రేలో లేని మాట వాళ్లకు తప్పు. బళ్లో ఒకటో తరగతి గోండు పిల్లవాడి పలక మీద ఇదే దిద్దుబాటు ఎన్నేళ్లుగా జరుగుతోందో మాకు వేరే చెప్పక్కర్లేదు.

ఛత్తా బజార్ ఆయనకు ఈ సంగతి చెప్తే ఆశ్చర్యపోలేదు. మా ‘నక్కో’ను కూడా ఉర్దూ స్పెల్‌చెక్ ఎర్రగీతతో చూపిస్తుంది, ఊరంతా మాట్లాడేది అదే అయినా, అన్నాడు. 1981లో పాకిస్తాన్‌లో ‘జంగ్’ పత్రిక కోసం నూరీ నస్తలీఖ్ అక్షరాలు వచ్చినప్పుడు అక్షరాల కూర్పులను వేల కొద్దీ ముందే రాసి పట్టికలో పెట్టారట. పట్టికలో పెట్టిన కూర్పు అందంగా పడుతుంది. ఎవరూ పెట్టనిది రాదు.

లిపి సంగతి ఇంకో మెలిక. గోండిని తెలుగులో రాస్తారు, దేవనాగరిలో రాస్తారు. మున్షీ మంగళ్ సింగ్ మసారాం చేసిన లిపి ఉంది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల లిపి ఉంది. మసారాం లిపికి 2017లో, గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ రోజు మేము ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. కానీ చోటు దొరికింది చివరి వాడలో. ముందొచ్చిన లిపులన్నీ దగ్గర నంబర్లలో కూర్చున్నాక మా అక్షరాలకు పెద్ద నంబర్లు మిగిలాయి. జావాస్క్రిప్ట్‌లో తెలుగు ‘న’ ఒక గది పడుతుంది, గుంజాల ‘న’ రెండు గదులు. మాటను అక్షరాలుగా విడదీసి అర్రేలో పెట్టే పాత పద్ధతి వాడితే మా అక్షరం నడిమికి విరిగి రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కకూ అర్థం లేదు. విరగకుండా విడదీసే కొత్త పద్ధతి అదే భాషలో ఉంది, రాసేవాడికి గుర్తుండాలి. పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కువగా పాతదే చెప్తారు, ఇంగ్లీషుకు ఏ ఇబ్బందీ రాదు గనుక.

ఇప్పుడు మేము రెండో అర్రే కడుతున్నాం. సొరుగు మీద పేరు: రాతలో కనపడ్డ రూపం. లోపల: అసలు మాట. నాటే సొరుగు తెరిస్తే నార్ అని చీటీ ఉంటుంది, నయ్ తెరిస్తే నై. స్క్రిప్టు ముందు ఈ చీటీ చూసుకుని, ఆ తర్వాతే గింజ వేస్తుంది. ఇప్పుడు నినాదాన్ని ఇస్తే నార్ ఒకటి అని చెప్తోంది. స్క్రిప్టు మొత్తం ఒక పేజీ కూడా లేదు. చీటీలు రాయడమే పని. అది ప్రోగ్రామర్ చేసేది కాదు, డిక్షనరీలోనూ దొరకదు. మాలోనే వాదాలు. ఉట్నూరు వైపు వాళ్లు ఒకలా పలుకుతారు, మహారాష్ట్ర సరిహద్దు వైపు వాళ్లు ఇంకోలా. ఎవరి పలుకు అసలు మాట, ఎవరిది దానికి రూపం? ఒకరిది పైన పెట్టి ఒకరిది లోపల పెడితే, ఆ సరిచూసినవాళ్లు మాకు చేసిందే మేము ఇంకొకరికి చేసినట్టు. అందుకని రెండు పలుకుల్నీ ఉంచి, వాటి మధ్య దారం కట్టినట్టు ఒకే నంబరు ఇచ్చాం. రాజ్ మనదా హిందీదా అని ఒక సాయంత్రమంతా కొట్లాడుకున్నాం. ఉంచేశాం.

ఎటూ తేలనివి ఇంకా రెండు పేజీలున్నాయి. అవ్వలను అడగాలి. దీపావళికి ముందు దండారికి అందరం ఊళ్లకు పోతాం. ఆ పేజీలు పెద్ద అక్షరాలతో ప్రింటు తీయించి పెట్టుకున్నాం, ఒక్కో మాట పక్కన చీటీకి ఖాళీ వదిలి.