అరుగు మీది ఫైళ్లు

నల్లటి కోయాక్సియల్ కేబుల్ ఒకటి గోడ వెంట వచ్చి, బల్ల వెనక్కి దిగి, సిస్టమ్‌కి తగిలించిన టీ కనెక్టర్‌లో దూరి, అవతలి వైపు నుంచి బయటపడి పక్క సిస్టమ్‌కి వెళ్లేది. తొంభైల్లో హైదరాబాదులో, విజయవాడలో చిన్న ఆఫీసులకీ డీటీపీ సెంటర్లకీ నెట్‌వర్క్ అంటే అదే. తీగకి రెండు చివర్లా టెర్మినేటర్లు, వాటిలో 50 ఓమ్‌ల రెసిస్టర్. అది లేకపోతే చివరిదాకా వెళ్లిన సంకేతం వెనక్కి మళ్లి, ఎదురొచ్చేవాటిని పాడుచేస్తుంది. అందుకే బల్ల జరిపినప్పుడో చీపురు తగిలినప్పుడో టీ దగ్గర కేబుల్ ఒక్కటి ఊడితే చాలు, గదిలో అందరి పనీ ఆగిపోయేది. ‘ఎవరండీ కదిపారు?’ అని ఓ మూల నుంచి కేక వినపడేది. అందరూ వంగి ఎవరి బల్ల కింద వాళ్లు తడుముకునేవారు. ఊడిన చోటు దొరికితే ఆ గది మొత్తానికి ఒకేసారి ఊపిరి వచ్చేది.

ఆ తీగ ఒక వరసలో 185 మీటర్లు మించకూడదు. సెకనుకి 10 మెగాబిట్ల వేగం, అదీ అందరికీ కలిపి. ఈనాటి లెక్కలో అదేమీ కాదు. కానీ అంతకుముందు ఉన్నది 1.44 మెగాబైట్ల ఫ్లాపీ. ఇరవై మెగాబైట్ల పేజ్‌మేకర్ ఫైలుని ముక్కలు చేసి, డజనుకి పైగా ఫ్లాపీల్లో నింపి, అవతలి సిస్టమ్‌లో వరసగా పెట్టుకుంటూ పోతే, చివర్లో ఏదో ఒకటి చదవలేనని మొండికేసేది. అలాంటి ఫైలు ఈ తీగ మీద ఒకటి రెండు నిమిషాల్లో వెళ్లిపోయేది. విండోస్ 95లో ఒక పచ్చటి ఫోల్డరులోంచి కాగితాలు ఎగిరి రెండో ఫోల్డరులో పడుతుంటే, మా ఆపరేటర్లు పని మానేసి దాన్నే చూసేవారు. అది చూడదగ్గదే.

ఫైలు చేరినంత మాత్రాన తెలుగు చేరినట్టు కాదు. ఆ ఫాంటు అవతలి సిస్టమ్‌లో లేకపోతే పేజీ నిండా గజిబిజి గుర్తులే. అను ఫాంట్ల కోడ్ వేరు, శ్రీలిపి కోడ్ వేరు. అందుకని ఫైలు వెంట ఫాంటునీ పంపాలి. 1991లోనే యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికింది, 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. అయినా ప్రెస్సుల్లో పాత ఫాంట్లు చాలా కాలం కదల్లేదు. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్లు ఈ గొడవని ఇంకో దారిలో దాటారు. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగుని రోమన్ అక్షరాల్లో రాసి పంపుకున్నారు. ఏ ఫాంటూ అక్కర్లేని ఆ మామూలు అక్షరాలు ఏ యంత్రం నుంచి ఏ యంత్రానికైనా చెక్కుచెదరకుండా చేరేవి.

గది దాటి బయటి లోకం మనకి తెరుచుకున్నది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ని మామూలు జనానికి ఇచ్చినప్పుడు. షెల్ అకౌంట్ ఉన్నవాళ్లకి బొమ్మలు లేవు, నల్లటి తెర మీద అక్షరాలే. ఫైలు తెచ్చుకోవడం రెండంచెల పని. ముందు ఎఫ్‌టీపీ అనే ఫైళ్ల బదిలీ పద్ధతితో దూరదేశపు సర్వర్ నుంచి వీఎస్ఎన్ఎల్ కంప్యూటర్‌లోకి, తర్వాత అక్కణ్నుంచి జడ్‌మోడెమ్‌తో ఫోను లైను మీద ఇంటికి. 28.8 కిలోబిట్ల మోడెమ్ మీద ఒక మెగాబైట్ దిగడానికి అయిదారు నిమిషాలు పట్టేది, లైను బాగుంటే. ఫైలు తేవడానికి ముందు ‘బైనరీ’ అని ఆజ్ఞ ఇవ్వాలి. యూనిక్స్‌లో పంక్తి చివర ఉండే గుర్తు వేరు, డాస్‌లో వేరు. మామూలు పాఠమనుకుంటే ఎఫ్‌టీపీ వాటిని మార్చుకుంటూ పోతుంది, అలా వచ్చిన జిప్ ఫైలు ఇక తెరుచుకోదు. ‘హాష్’ అని కూడా కొడితే ఒక్కో కిలోబైట్‌కి తెర మీద ఒక్కో గుర్తు పడేది. ఆ వరస ఆగిపోయిందంటే అట్లాంటిక్‌కి అవతల ఏదో అయిందన్నమాట.

ఈ ఎఫ్‌టీపీకి తొలి రూపం రాసినవాడు మనదేశపు కుర్రాడు. ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్, ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 114 అనే పత్రంగా దాన్ని ప్రకటించాడు. ఇవాళ్టి ఇంటర్నెట్ నడిచే టీసీపీ, ఐపీల కంటే అది పాతది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

మన పాత ఇళ్లకి వీధి అరుగు ఉండేది. దారిన పోయేవాడు కూర్చోవడానికి ఇంటివాళ్లనెవరినీ అడగక్కర్లేదు. విశ్వవిద్యాలయాల ఎఫ్‌టీపీ సర్వర్లలో ‘పబ్’ అనే డైరెక్టరీ అలాంటిదే. లాగిన్ పేరు అడిగితే ‘అనానిమస్’ అని కొడితే చాలు, ఏ ఊరివాడైనా లోపలికి రావచ్చు. డిస్కు ఖరీదైన రోజుల్లో ఎవరో కొంత చోటు పరాయివాళ్ల కోసం వదిలిపెట్టారు. ఏ ఫైలు ఎక్కడుందో వెతకడానికి మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో అలన్ ఎంటేజ్ 1990లో ఆర్చీ తయారుచేశాడు. ఫిన్లాండ్‌లో ఫ్యూనెట్ సర్వర్ చూసుకునే ఆరి లెమ్కె, 1991 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌కి చోటిచ్చాడు. లైనస్ అనుకున్న పేరు ఫ్రీక్స్. డైరెక్టరీకి లినక్స్ అని పేరు పెట్టింది లెమ్కె. అరుగు మీద చోటిచ్చినవాడే పేరూ పెట్టాడు.

లోపలికి వెళ్లగానే రీడ్‌మీ ఫైలు పలకరించేది. మా పని వేళల్లో రద్దీ చెయ్యకండి, రాత్రిళ్లు రండి అని చాలాచోట్ల రాసి ఉండేది. అమెరికా రాత్రి మనకి పగలు కాబట్టి ఆ మాట పాటించడం మనకి తేలిక.

2017లో లినక్స్ లోకపు కెర్నల్.ఆర్గ్, డెబియన్ తమ ఎఫ్‌టీపీ సర్వర్లని మూసేశాయి. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా దాన్ని వదిలేశాయి. కారణం న్యాయమైనదే. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా తీగ మీద వెళుతుంది, దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. ఇప్పుడు వాట్సాప్‌లో నొక్కితే ఫైలు వెళ్లిపోతుంది. ఎక్కణ్నుంచి ఎక్కడికి, ఏ కంప్యూటర్ మీదుగా వెళ్లిందో మనకి తెలియదు, తెలుసుకోవాలన్న ధ్యాసా రాదు. నాకు బెంగ ఆ నెమ్మది వేగం మీద కాదు, ఎదురుగా ఫలానా ఊళ్లో ఫలానా యంత్రం ఉందనీ, దాన్ని ఎవరో మనిషి చూసుకుంటున్నాడనీ తెలిసి మసలుకోవడం మీద.

అనానిమస్ అని కొట్టాక పాస్‌వర్డ్ బదులు మన ఈమెయిల్ చిరునామా ఇమ్మని అడిగేవారు, ఎవరొచ్చారో తెలుసుకోవడానికి. అది నిజమో కాదో సరిచూసే ఏర్పాటు మామూలుగా ఉండేది కాదు, ఏం రాసినా తలుపు తెరుచుకునేది. నాకు తెలిసినవాళ్లందరూ తమ అసలు చిరునామానే రాసేవారు.