కాళి ఒంటి మీద గడ్డలు

మా తండాలో కుక్కను ఎవరూ కట్టెయ్యరు. మంద వెంట పోతుంది, మందతో తిరిగి వస్తుంది, రాత్రికి దొడ్డి వాకిట్లో పడుకుంటుంది. కుక్కను దగ్గర కూర్చోబెట్టుకుని ఒళ్ళు నిమిరే అలవాటు మాకు లేదు. అందుకే కాళి ఒంటి మీద గడ్డలున్న సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. నల్లగా ఉంటుంది కాబట్టి కాళి అన్నాం, దేవతకూ దానికీ సంబంధం లేదు.

ముందు చూసింది మా ఇంటి చిన్నది. ఆరో తరగతి. సాయంత్రం బడి నుంచి వచ్చి కాళికి గోమార్లు ఏరుతా ఉంటే, ముక్కు పక్కన శనగ గింజంత గడ్డ చేతికి తగిలింది. తొడ లోపల ఇంకోటి, నిమ్మకాయంత. "ఇంకోటి కూడా ఉంది యాడీ" అని, ఎక్కడో చెప్పకుండా తల దించుకుంది. మేమే తోక ఎత్తి చూశాం. మూత్రం పోసే చోట కోసిన కాలీఫ్లవర్ మాదిరిగా ఎర్రగా ఉంది, తాకితే నెత్తురు. రెండు నెలలుగా అది కూర్చున్న చోటల్లా నెత్తురు చుక్కలు పడుతుంటే ఎదకు వచ్చిందనుకున్నాం. రెండు నెలలు ఎద ఉంటుందా అని ఒక్కరికీ తోచలేదు. ఏ మేక ఎప్పుడు ఎదకు వచ్చిందో వేళ్ళ మీద చెప్పే ఇల్లు మాది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది.

అది 2023 ఎండాకాలం. అంతకు ముందు ఏడు రాజస్థాన్, గుజరాత్ వైపు ఆవులకు ముద్ద చర్మ వ్యాధి వచ్చి గుంపులు గుంపులుగా చచ్చిన వీడియోలు తండాలో ప్రతి ఫోనులోనూ తిరిగాయి. కాళి గడ్డల మాట బయటికి పోగానే అందరికీ ఆ వీడియోలే గుర్తొచ్చాయి. "ఆ రోగమే ఇది. మందలో ఉంచితే జీవాలన్నీ పోతాయి" అన్నారు. ముద్ద చర్మ వ్యాధి ఆవులకూ బర్రెలకూ వచ్చేదనీ, కుక్కకు రాదనీ అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. ఒకాయన మంచి మనసుతోనే, "నాకు అప్పజెప్పండి, అన్నంలో కలిపి పెడతా, తెల్లారేసరికి బాధ ఉండదు" అన్నాడు. అవ్వ మాత్రం కొడవలి కాల్చి వాత పెట్టమంది. అవ్వకు అన్నింటికీ వాతే మందు. మాలో ఇద్దరి పొట్టల మీద ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. కుక్క కోసమే కాదు. మా పెద్దమ్మకు రొమ్ములో గడ్డ వస్తే ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. గడ్డ అనే మాట మా ఇంట్లో అప్పటి నుంచి ఎవరూ గట్టిగా అనరు. ఆ మాట మళ్ళీ పాప నోట వచ్చింది.

మొదట దగ్గర్లో ఒక చోటికి తీసుకుపోయాం. అక్కడున్న మనిషి లేచి కూడా చూడలేదు. "తండా కుక్కకు కూడా వైద్యమా" అని నవ్వాడు. నాయన ఏమీ అనకుండా తిరిగి వచ్చాడు. ఏమీ అనకపోవడం మా నాయనకు బాగా వచ్చిన విద్య.

ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉందని పాప వాళ్ళ సారు చెప్పాడు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద 2008లో పెట్టినది. బస్సులో కుక్కను ఎక్కించుకోరు. పులివెందుల నుంచి అరటి గెలలు తీసుకుపోయే బండి వెనక, ముద్దనూరు మీదుగా పోయాం. దారి ఖర్చుకు ఒక మేకపిల్లను అమ్మాం.

అక్కడ డాక్టరమ్మ గడ్డ మీద గాజు పలకను అద్ది, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసింది. పాపను కూడా చూడమంది. గుండ్రటి కణాలు, వాటిలో నీటి బుడగల్లాంటివి. "కాన్సరే. కానీ మందుకు లొంగే కాన్సరు. మనుషులకు రాదు, మేకలకు రాదు" అంది. కాన్సరు అన్న మాటకు నాయన గోడకు ఆనుకున్నాడు, రెండో మాట ఆయన చెవిలో పడలేదు.

దాన్ని టీవీటీ అంటారట. కుక్కలు కలిసినప్పుడు, ఒకదాన్ని ఒకటి వాసన చూసినప్పుడు, నాకినప్పుడు అంటుకుంటుంది. వైరస్ లేదు, సూక్ష్మక్రిమి లేదు, గడ్డలోని కణమే ఊడి ఇంకో కుక్క ఒంట్లో నాటుకుంటుంది. ఇది మాకు ఎంతకీ తలకెక్కలేదు. చివరికి నాయనే అన్నాడు: "మన చీనీ అంటు లాంటిది గదమ్మా?" డాక్టరమ్మ నవ్వి అవునంది. పులివెందుల చీనీ తోటల్లో కూలికి పోయిన వాళ్ళం, ఒక మంచి చెట్టు కన్ను తీసి వేరే మొక్కకు కడితే అదే చెట్టు ఊరూరా పెరుగుతుందని తెలుసు. ఎప్పుడో ఒక్క కుక్కకు పుట్టిన గడ్డే అలా కుక్క నుంచి కుక్కకు నడుచుకుంటూ భూమంతా తిరిగిందట. 2019లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ఆ మొదటి కుక్క ఆసియాలో నాలుగు వేల నుంచి ఎనిమిదిన్నర వేల ఏళ్ల కిందట బతికింది. అది చచ్చిపోయింది, దాని గడ్డ మాత్రం మా కాళి తోక కింద బతికి ఉంది.

కాళికి ఎక్కడ అంటిందో లెక్క వేశాం. సంక్రాంతి దాటాక జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలలో శనగ కోత అయిపోతుంది. మేకలను తోలుకుపోయి రైతుల చేలలో మంద కడతాం, ఎరువు వాళ్ళకు, గింజలు మాకు. నాలుగైదు మందలు ఒకచోట చేరితే కుక్కలూ కలుస్తాయి. అంటిన రెండు మూడు నెలలకో, ఇంకా ఆలస్యంగానో గడ్డ బయటపడుతుందట. లెక్క సరిపోయింది.

మందు పేరు విన్‌క్రిస్టిన్. వారానికి ఒకసారి నరంలోకి ఎక్కిస్తారు. నరం తప్పి పక్కకు కారితే కండ కుళ్ళిపోతుంది. ఇంజక్షన్ అయ్యాక కొన్నాళ్ళు దాని మూత్రం, వాంతి ఒట్టి చేతులతో తాకొద్దనీ, కడుపుతో ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలనీ చెప్పారు. రక్త కాన్సరు వచ్చిన పిల్లలకు ఇచ్చేదీ ఇదే మందు. అమెరికాలో 1963 నుంచి వాడుతున్నారు. దాన్ని తీసేది బిళ్ళగన్నేరు నుంచి అని డాక్టరమ్మ చెప్పినప్పుడు మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా పెద్దమ్మ సమాధి పక్కన గుబురుగా ఉండేది ఆ చెట్టే.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే అవ్వ రోలు కడిగింది. ఆకు నూరి పోస్తే డబ్బు మిగులుతుందని ఆమె లెక్క. మేము అడ్డం పడ్డాం. టన్ను ఎండాకు నుంచి గ్రాముల్లో తీసే విషం అది, ఎంత పడితే మందో ఎంత పడితే చావో రోలుకు తెలియదు. అవ్వ రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

అయిదు వారాలు, అయిదు ప్రయాణాలు. రెండో ఇంజక్షన్‌కు నెత్తురు ఆగింది. మూడోదానికి కాళి అన్నం ముట్టలేదు, చచ్చిపోతుందనుకున్నాం. నాలుగోదానికి ముక్కు పక్క గడ్డ వేలికి తగల్లేదు. కొన్నాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించాం. ఈలోగా పాప తండాలో కుక్కలన్నిటినీ పట్టి చూసింది. ఇంకో రెండింటికి ఉన్నాయి. అందులో ఒకటి, అన్నంలో మందు కలుపుతానన్న ఆయనదే. ఆయన బండి బాడుగలో సగం తాను పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు జమ్మలమడుగు చేలలో మంద కట్టినప్పుడు పాప సెలవుల్లో మాతో వచ్చింది. పక్క మందల కుక్కలను మచ్చిక చేసి, తోకలెత్తి చూస్తుంటే కాపరులు పగలబడి నవ్వారు. ఆ రాత్రి వాళ్ళలో ఒక ముసలాయన మా మంట దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడి, లేచేటప్పుడు అడిగాడు, ప్రొద్దుటూరులో ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని.